లేవి ముట్టుకోని కంప్యూటర్

మైదుకూరులో ప్రొద్దుటూరు రోడ్డు మీద హబీబ్‌కు ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లకూ నిఖాలకూ ఫొటోలు తీసి, ఆల్బమ్‌గా పేర్చి ఇవ్వడం ఆయన పని. ఆ మధ్యాహ్నం స్టూడియోలో ఆయన ఒక్కడే ఉన్నాడు. కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టి, షట్టరు సగం దించి, గోడ వారగా కూర్చుని క్యారియర్ విప్పాడు. భార్య గుల్జార్ బీ పెట్టిన గోంగూర పప్పు కలుపుకుని ముద్ద ఎత్తబోతుంటే, కంప్యూటర్ డబ్బాలోంచి గుర్రుమని చప్పుడు వచ్చింది. నల్లగా ఉన్న తెర తెల్లగా వెలిగింది.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గదిలో ఇంకో మనిషి లేడు. కరెంటు పోయి వచ్చిందీ లేదు, నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"అది దానంతటదే లేస్తాందన్నా" అని లేవి మొత్తుకున్న మాట అప్పుడు గుర్తొచ్చింది. లేవిని ఆయన వెళ్లగొట్టి నెల దాటింది. అప్పట్నుంచీ బయటికి పోయేటప్పుడు కంప్యూటర్‌ను పూర్తిగా ఆపేసే పోతున్నాడు, స్లీప్‌లో పెట్టడం మళ్లీ ఈరోజే.

లేవి ఆయన దగ్గర చాలా ఏళ్లు పనిచేశాడు. లైటు పట్టుకోవడంతో మొదలుపెట్టి కెమెరా నేర్చుకున్నాడు. చివరికి ఆల్బమ్ డిజైన్లన్నీ అతని చేతి మీదే నడిచేవి. ఆడవాళ్ల వైపు ఫొటోలంటే పెద్దవాళ్లు "లేవిని పంపప్పా, ఆ పిల్లోడైతే మాకు దిగులుండదు" అని అడిగి పిలిపించుకునేవాళ్లు.

ఆల్బమ్ ఫైళ్లు పెద్దవి. కంప్యూటర్ ఆపి మళ్లీ తెరవాలంటే చాలాసేపు పడుతుంది. అందుకని మధ్యాహ్నం నమాజుకు పోయేటప్పుడు హబీబ్ దాన్ని స్లీప్‌లో పెట్టి పోయేవాడు. ఎండలు ముదిరాక, తిరిగొచ్చేసరికి తెర వెలుగుతూ కనిపించేది. లేవి బయట బెంచీ మీద కూర్చుని ఉండేవాడు. ఏదో పని చూసుకుని లేచుంటాడులే అని హబీబ్ పట్టించుకోలేదు.

అంతలో అల్లా బాషా కోపంతో ఊగిపోతూ వచ్చాడు. బజారులో బట్టల దుకాణం ఆయనది. ఆయన కూతురు చాంద్ నిఖా ఫొటోలు వీళ్లే తీశారు. ఆల్బమ్ ఇంకా ఇవ్వనే లేదు. ముసుగు తీసి నవ్వుతున్న ఆ పిల్ల ఫొటో మాత్రం ఎవరో ఫోనులో అందరికీ కనిపించేలా స్టేటస్‌గా పెట్టుకున్నారు.

"ఆల్బమ్ మా ఇంటికే రాలేదు. ఫొటో ఊరి మీదికి ఎట్ల పాయె హబీబ్?"

హబీబ్‌కు వెలుగుతున్న ఆ తెర కళ్ల ముందు కదిలింది. ఇంకేమీ ఆలోచించలేదు. లేవిని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. ఎదురుగా టీ కొట్టు. జనం మూగారు. లేవికి అన్నం తెచ్చిన అతని భార్య కరుణ కూడా క్యారియర్ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"నేను నమాజుకు పోతానే నువ్వు కంప్యూటర్ ముందర కూచుంటాండావు గదరా? ఆ ఫొటో ఎవురికి పంపినావు చెప్పు!"

"నేను ముట్టుకోలేదన్నా. అది దానంతటదే లేస్తాంది. రెండు మూడు తూర్లు నేను గూడా చూసినా. నీకు చెప్పాలనే అనుకుంటాండా."

"దానంతటదే లేసేదానికి అదేమన్నా పసిబిడ్డనా?"

జనం గొల్లున నవ్వారు. ఆ మాట అప్పటికప్పుడు తట్టినందుకు హబీబ్‌కు లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది. అదే రోజు ఫొటోగ్రాఫర్ల సంఘంలో తెలిసినవాళ్లందరికీ ఫోను చేసి, లేవిని ఎవరూ పనిలో పెట్టుకోవద్దని చెప్పాడు.

ఇప్పుడు ఆయన చేతిలోని ముద్దను క్యారియర్‌లోనే వదిలేశాడు. చెయ్యి కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. లేవి అబద్ధమాడాడని తేల్చే కారణం ఏదైనా దొరికితే బాగుండునని ఆ ఘడియలో ఆయన మనసు కోరుకుంది. దూరం నుంచి ఎవరో దీన్ని తెరుస్తున్నారేమోనని ఇంటర్నెట్ తీగ పీకేశాడు. మర్నాడు మధ్యాహ్నం అది మళ్లీ లేచింది. ఫోనులో వీడియో చూసి, ఫలానా వేళకు కంప్యూటర్‌ను లేపమని చెప్పే టైమర్లన్నీ సెట్టింగుల్లో ఆపేశాడు. అయినా లేచింది.

చివరికి ప్రొద్దుటూరులో కంప్యూటర్లు బాగుచేసే వీరభద్రకు ఫోను చేశాడు.

"అది లేసినాక ఒక కమాండ్ కొట్టన్నా. తనను ఏది లేపిందో అదే చెప్తాది" అని వీరభద్ర ఒక్కో అక్షరం చెప్పాడు. హబీబ్ ఒక వేలితో కొట్టాడు. జవాబు వచ్చింది. లేపింది మౌస్.

"దాన్ని ఎవురూ కదపలేదప్పా."

"మౌస్ కింద ఏముండాది?"

"కడప బండ. బల్ల మీద నున్నగా పాలిష్ పట్టించి ఏపిచ్చినా."

"మౌస్ కడుపులో ఎర్ర లైటు ఉంటాది గదా, దానికి కన్ను గూడా ఉంటాది. నున్నటి రాయి మీద ఎండ పడితే ఆ కన్నుకు దిమ్మ తిరుగుతాదన్నా. కదలకున్నా కదిలినా అనుకుంటాది. కంప్యూటర్‌ను లేపుతాది."

మర్నాడు హబీబ్ నమాజు స్టూడియోలోనే చేసుకుని, కాపలా కాసినట్టు కూర్చున్నాడు. పై కిటికీలోంచి వచ్చిన ఎండ గోడ మీద నుంచి మెల్లగా దిగి బల్ల మీదికి పాకింది. నల్ల బండ అద్దంలా మెరిసింది. ఎండ మౌస్‌ను తాకిన కాసేపటికి డబ్బా గుర్రుమంది, తెర వెలిగింది. ఆయన మౌస్ కింద ఒక అట్టముక్క పెట్టాడు. మౌస్‌కు కంప్యూటర్‌ను లేపే వీలు లేకుండా సెట్టింగుల్లో ఒక టిక్కు తీసేశాడు. ఆ తర్వాత అది ఒక్కసారి కూడా లేవలేదు.

పని అంతే. లేవి చెప్పిన రోజున పక్కన కూర్చుని చూసి ఉంటే, ఆ రోజే తెలిసిపోయేది.

అల్లా బాషా దుకాణానికి పోయి ఈ సంగతి చెప్పాడు. అల్లా బాషా మడత పెడుతున్న చొక్కా పక్కన పెట్టాడు.

"ఆ ఫొటో పెండ్లికొడుకు తమ్ముడు వాని ఫోన్లో తీసుకున్నాడంట హబీబ్. మాకు వారంలోనే తెలిసింది. అల్లుని ఇంటి విషయం, యాడ చెప్పుకుంటాం? నువ్వు గూడా మళ్ల అడగలేదు."

నిజమే, హబీబ్ అడగలేదు. ఆ ఫొటో ఎవరు తీశారో, ఏ మూల నుంచి తీశారో చూసినా సంగతి తెలిసేది. ఆయన చూడలేదు.

లేవి ఆత్మకూరులో ఉన్నాడని తెలిసింది. అది కరుణ పుట్టినూరు. హబీబ్ నంద్యాల మీదుగా బస్సులో పోయి దిగేసరికి, స్టాండు బయట ఆటోల వరుసలో లేవి కనిపించాడు. ఖాకీ చొక్కా వేసుకుని ఉన్నాడు. చిక్కిపోయాడు.

"ఏమన్నా, ఇట్లొచ్చినావు?" అన్నాడు లేవి. కోపంగా అనలేదు. ఎండలో నిలబడ్డాడని హబీబ్‌ను తన ఆటోలో కూర్చోమన్నాడు.

హబీబ్ అంతా చెప్పాడు. మౌస్ సంగతి, బండ మీద ఎండ సంగతి, పెళ్లికొడుకు తమ్ముడి సంగతి. లేవి హ్యాండిల్ మీద చెయ్యి పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ విన్నాడు.

"తప్పంతా నాదే లేవీ. వచ్చేయ్. స్టూడియో నువ్వే చూసుకుందువు."

"రాలేనన్నా."

"నామీద కోపమా?"

"నీమీద శానా కోపముండె. అది పాయె." లేవి గొంతు తగ్గించాడు. "ఆ పొద్దు ఇంటికి పోతాంటే దోవలో కరుణ నన్ను అడిగిందన్నా. 'నిజంగా నువ్వు పంపలేదు గదా' అని. ఊరంతా అంటే తట్టుకుంటి. ఆమె అడిగె. లేదంటే నమ్మింది. కానీ అడిగిందైతే అడిగింది గదా."

హబీబ్ ముందుకు వంగి, "నన్ను కరుణ కాడికి తీసకపో. ఆమెకు నేను చెప్తా" అన్నాడు.

ఇంటి ముందు చింతపండు ఎండబోస్తున్న కరుణ, ఆటోలోంచి దిగిన మనిషిని చూసి చెంగు సర్దుకుని లేచి నిలబడింది. కూర్చోమనలేదు. హబీబ్ నిలబడే చెప్పాడు. ఆమె ఒకసారి లేవి వైపు చూసి, వెంటనే తల తిప్పుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈ మాట ఆడ చెప్పినావా అన్నా? ఆ టీకొట్టు కాడ?"

"లేదమ్మా."

"మాకెందుకు చెప్తాండావు? మాకు తెలుసు గదా" అంది. అని, లోపలికి పోయింది. కొంచెంసేపటికి నీళ్లు మాత్రం తెచ్చి ఇచ్చింది.

లేవి ఆయనను తిరిగి స్టాండులో దింపాడు. బస్సు కదిలేటప్పుడు హబీబ్ కిటికీలోంచి చూశాడు. లేవి అప్పటికే ఎవరో ముసలామె మూటను ఆటోలోకి ఎక్కిస్తున్నాడు.

మర్నాడు పొద్దున స్టూడియో తెరవకముందే హబీబ్ టీ కొట్టు దగ్గరికి పోయాడు. రోజూ కూర్చునేవాళ్లే కూర్చుని ఉన్నారు.

"లేవి ఏ తప్పూ చేయలేదు. ఆ పొద్దు నేనే తప్పు మాట్లాడినా" అని మొదలుపెట్టాడు.

"ఏ లేవి?" అన్నాడు ఒకాయన, పేపర్లోంచి తల ఎత్తకుండా. మౌస్ కన్ను దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు ముగ్గురు నవ్వారు. టీ కాచే అయ్యన్న మాత్రం గిన్నె దించి, "పాపం, ఆ పిల్లోడు ఊరే ఇడిసిపాయె గదప్పా" అన్నాడు.

హబీబ్ చివరిదాకా చెప్పాడు. ఆ రోజు ఎంత గట్టిగా అరిచాడో అంత గట్టిగానే చెప్పాలని వచ్చాడు. ఎంత ప్రయత్నించినా గొంతు అంత పైకి రాలేదు.