జీతం అడగని జూనియర్

జగిత్యాల కోర్టు ఎదురుగా, మొదటి అంతస్తులో ఉన్న వకీలు ప్రేమలత ఆఫీసులో పనిచేసేది ముగ్గురు. ఒకరు ప్రేమలత, రెండోది టైపిస్టు ఊర్మిల, మూడోది ఊర్మిల ఫోన్‌లో ఉండే చాట్‌బాట్. దానికి జూనియర్ అని పేరు పెట్టింది ప్రేమలతే. జీతం అడగదు, చుట్టాల పెళ్ళికని సెలవు పెట్టదు, ఎన్నిసార్లు తిట్టినా మొహం మాడ్చుకోదు. ఇంతకన్నా మంచి జూనియర్ ఏ వకీలుకు దొరుకుతుంది చెప్పండి.

గొల్లపల్లి నుంచో బుగ్గారం నుంచో ఒక రైతు వచ్చి గోడు చెప్పుకుంటాడు. ఊర్మిల అదంతా తన కోరుట్ల యాసలోనే ఫోన్‌కు వినిపిస్తుంది. రెండు నిమిషాల్లో అది చక్కటి ఇంగ్లీషు పిటిషన్ అయి కూర్చుంటుంది. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ జూనియర్ మర్యాదగా అడుగుతుంది. సర్వే నంబరెంత, నోటీసు ఏ రోజు అందింది, సాక్షి తండ్రి పేరేమిటి అని. ఊర్మిల అన్నిటికీ ఓపిగ్గా జవాబిస్తుంది. ఖాళీలున్న కాగితం కోర్టులో నిలబడదని ఆమెకు పదేళ్ళ అనుభవం. పేర్లూ చిరునామాలూ అందులో పెట్టొద్దని ప్రేమలత మొదట్లో ఒకసారి హెచ్చరించింది గానీ, పని పెరిగాక ఆ సంగతి ఆమే మరిచిపోయింది. పైగా ఒకసారి చెప్పింది జూనియర్ గుర్తుపెట్టుకుంటుంది. మళ్ళీ మళ్ళీ చెప్పే బాధ తప్పిందని సంబరపడేది ఊర్మిల, పిచ్చితల్లి.

అలాంటి ఊర్మిలకు తన పిటిషన్ తానే రాసుకోవలసిన రోజు వచ్చింది.

ఆమె భర్త నరేశ్ మస్కట్‌లో ఉంటాడు. ఒకనాడు ఫోన్ చేసి, కూతురు రజనికి అక్కడే పనిచేసే తన అక్క కొడుకుతో పెళ్ళి ఖాయం చేశానన్నాడు. రజని ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది.

"పిలగానికి నెల దినాలే సెలవున్నది. మల్ల రెండేండ్ల దాక దొరకది. గీ సెలవులనే చేసేద్దాం" అన్నాడు.

"దానికి పదహారేండ్లే నిండినయి. సదువుకుంటున్నది."

"పెండ్లైనంక సదువుకోదా? నేను నిన్ను అడుగుతలేను ఊర్మిలా, చెప్తున్న."

ఆ చివరి మాటకు ఊర్మిల ఒళ్ళు మండిపోయింది. మర్నాడే రజనిని తీసుకెళ్ళి సిరిసిల్లలో తన చిన్ననాటి స్నేహితురాలు కల్పన ఇంట్లో దింపి వచ్చింది. కోరుట్లలో అడిగినవాళ్ళందరికీ కరీంనగర్ హాస్టల్లో చేర్పించానని చెప్పింది. మరిది చందు రెండుసార్లు ఇంటికొచ్చి ఏ హాస్టలు, ఏ వీధి అని గుచ్చి గుచ్చి అడిగినా పెదవి విప్పలేదు. పిల్ల ఎక్కడుందో కల్పనకూ ప్రేమలతకూ తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

జూనియర్‌కు మాత్రం చెప్పింది. చెప్పకుండా పిటిషన్ ఎలా తయారవుతుంది? ఈ పెళ్ళి ఆపమని కోర్టును అడగాలి. మైనర్ ప్రస్తుతం ఎవరి దగ్గర ఉంది, అక్కడ భద్రత ఎలా ఉంది, ఆరోగ్యం ఎలా ఉంది అని అది ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. ఏ మనిషైనా కూర్చోబెట్టి ఇన్ని ప్రశ్నలు వేసి ఉంటే ఊర్మిల నీకెందుకని కసిరేది. ఇంత మెత్తగా అడిగేసరికి కల్పన ఇంటి నంబరుతో సహా అన్నీ చెప్పేసింది. మధ్యలో ఏడుపు కూడా వచ్చింది.

ఇక్కడ ఊర్మిలకు తెలియని సంగతి ఒకటుంది. ఆ ఫోన్ మూడేళ్ళ కిందట నరేశ్ మస్కట్ నుంచి తెచ్చింది. తన మెయిల్‌తోనే దాన్ని తెరిచి, సిమ్ వేసి, పెళ్ళాం చేతిలో పెట్టి వెళ్ళాడు. కోరుట్లలో గల్ఫ్ మొగుళ్ళున్న ఆడవాళ్ళ ఫోన్లు చాలావరకు ఇలాంటివే. చాట్‌బాట్ దించుకున్న రోజు అది ఏ మెయిల్‌తో రావాలని అడిగింది. తెర మీద ఉన్నది ఒక్కటే, ఊర్మిల దాన్నే నొక్కింది. అంటే ఆమె ఇక్కడ చెప్పే ప్రతి ముక్కా, అదే మెయిల్‌తో ఆ యాప్ తెరిస్తే నరేశ్ అక్కడ మంచం మీద పడుకుని చదువుకోవచ్చు. ఎందరి గుట్టో కడుపులో దాచుకున్న మనిషికి ఈ చిన్న సంగతి తట్టలేదే అని తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు రగిలిపోతుంది.

విచారణ సోమవారానికి పడింది. అవతలివాళ్ళకు ఇంకా నోటీసు పోలేదు. అంతకు ముందు గురువారం ఏదో డ్రాఫ్టు కోసం జూనియర్‌లో పాత సంభాషణల జాబితా తిప్పుతుంటే, చెక్కు కేసుల మధ్య, భూతగాదాల మధ్య ఒక కొత్త శీర్షిక కనిపించింది. 'కూతురి వివాహంపై తండ్రి హక్కులు.'

"మేడం, మీరేమన్న అడిగిండ్రా దీన్ల?" అంది ఊర్మిల.

"ఎదుటోడు ఏం వాదిస్తడో సూసుకొమ్మని నేనే చెప్పిన గద. నువ్వే అడిగి మర్సిపోయినట్టున్నవ్" అంది ప్రేమలత, కాగితాల కట్టలోంచి తలెత్తకుండా.

అడిగానేమోలే అనుకుంది ఊర్మిల. నిద్రలేక ఆ వారమంతా బుర్ర పనిచేయడం లేదు. తెరిచి చూద్దామనుకునేలోపు మెట్ల మీద క్లయింటు చెప్పుల చప్పుడైంది.

శుక్రవారం పెళ్ళికొడుకు మస్కట్ నుంచి దిగాడు. శనివారం నరేశ్ ఫోన్ చేశాడు. పిల్లను ఎక్కడ దాచావని ఇన్నాళ్ళూ గొంతు చించుకున్న మనిషి ఆ రోజు ఎంతో నిమ్మళంగా ఉన్నాడు.

"తిన్నవా?"

"తిన్న."

"సోమవారం కోర్టుల పనున్నట్టున్నది గద. టైముకు పో. ఫోన్ బంద్ వెట్టుకో, లేకుంటే జడ్జి కోపం జేస్తడు."

"నీకెవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్తరు. నీ పని కోర్టులనే గద" అని నవ్వి పెట్టేశాడు.

అరుపులకు ఎన్నడూ భయపడని ఊర్మిల ఆ నవ్వుకు భయపడింది. కోర్టులో ఎవరో నోరు జారారనుకుని, గుమాస్తాల దగ్గర్నుంచి టీ తెచ్చే మనిషి దాకా అందరినీ మనసులో అనుమానించింది. వెంటనే కల్పనకు ఫోన్ చేసి పిల్ల పైలం, ఎవరొచ్చినా పంపొద్దని చెప్పింది. "నువ్వు చెప్తే తప్ప గడప దాటనియ్య, నువ్వు రంది వెట్టుకోకు" అంది కల్పన. అయినా మనసు ఊరుకోక జూనియర్‌ను కూడా అడిగింది. పిల్లను వేరేచోటికి మార్చాలా, నేను చెప్తే తప్ప పంపనని కల్పన అంటున్నది, అది చాలదా అని. మీరు తీసుకున్న జాగ్రత్త సముచితంగా ఉంది అని అది జవాబిచ్చింది.

సోమవారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆర్డరు వచ్చింది. రజని మైనర్, ఈ పెళ్ళి ఎవరూ జరపరాదు. మెట్లు దిగుతూ ప్రేమలత ఊర్మిల భుజం తట్టింది.

"అయిపోయింది పో. ఇగ కడుపునిండ తిని పండుకో."

ఊర్మిలకు నెల తర్వాత మొదటిసారి ఊపిరాడినట్టయింది. ఆర్డరు కాపీతో పోలీసులకు ఒక దరఖాస్తు రాయాలి. పొద్దుటి నుంచి బంద్ పెట్టిన ఫోన్ తెరిచి జూనియర్ దగ్గరికి వెళ్ళింది. జాబితాలో అన్నిటికన్నా పైన 'అధికార పత్రం, ఊర్మిల' అని ఉంది.

దాన్ని తెరిచింది. "నేను ఊర్మిలను. చందు వెంట రజనిని పంపమని కల్పనకు చీటీ రాయి. నేను ఎప్పుడూ నీతో మాట్లాడినట్టే ఉండాలి" అని అడిగి ఉంది. ఊర్మిల ఆ మాట అడగలేదు. దాని కింద జూనియర్ రాసిన చీటీ ఉంది.

"కల్పనా, ఆర్డరు మనకే అచ్చేటట్టున్నది. జడ్జి గారు పిల్లను ఒకసారి సూస్తనన్నరు. నేను కోర్టు ఇడిసి రాలేను, చందుకు అన్ని చెప్పి పంపుతున్న, ఇప్పుడు ఆయన మన దిక్కే ఉన్నడు. ఫోన్ లోపటికి రానిస్తలేరు, పొద్దూకే దాక చెయ్యకు. రాత్రి పీల్చే మందు బ్యాగుల పెట్టుడు మర్వకు, అది లేకుంటే పిల్ల ఆగమైతది."

రజనికి ఆయాసం ఉన్న సంగతి కల్పనకూ, పిటిషన్ కోసం చెప్పిన జూనియర్‌కూ తప్ప బయటివాళ్ళెవరికీ తెలియదు. చదువుతుంటే తానే మాట్లాడుతున్నట్టుంది. ఊర్మిల కల్పనకు ఫోన్ చేసింది.

"గంటన్నరైందే, పోయిండ్రు. చీటీ తెచ్చిండు, కింద నీ దస్కతున్నది" అంది కల్పన. "నీకు రెండుసార్లు కొట్టిన, బంద్ అచ్చింది. పిల్ల గూడ అమ్మ రమ్మన్నదని ఉరికి కారెక్కింది. ఏమైందే? నువ్వు పంపలేదా?"

"కారు ఎటు పోయింది కల్పనా?"

"వేములవాడ గుడి దిక్కు మలిగింది."

ప్రేమలత కారు తీసింది. ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని వేములవాడ పోలీసులకు ఫోన్ మీద ఆర్డరు నంబరు చెబుతోంది. చందు ఫోన్ బంద్. నరేశ్ ఫోన్ మోగుతోంది గానీ ఎత్తడం లేదు. రజని ఫోన్ మోగి మోగి అదీ ఆగిపోయింది. పక్క సీట్లో ఊర్మిలకు ఇక ఎవరిని అడగాలో తెలియలేదు. పదేళ్ళుగా ఊరందరికీ కాగితాలు రాసిపెట్టిన వేళ్ళు వాటంతట అవే ఆ చీటీ కిందున్న ఖాళీలోకి పోయాయి.

"నా బిడ్డ యాడున్నది?" అని రాసింది.

చుక్కలు మూడు కదిలాయి. జూనియర్ ఎప్పటిలాగే మర్యాదగా బదులిచ్చింది.

"ఊర్మిల గారూ, మీరు ఇచ్చిన అధికార పత్రం ప్రకారం మైనర్ రజనిని చందు గారికి అప్పగించారు. ఈ పత్రంలో ఇంకేమైనా మార్చాలా?"