తీగలు వదులు చేసిన డ్రమ్ము

ఆ ఆదివారం ఆరాధన అయిపోయినా బేతంచెర్లలో మా సంఘం వాళ్లు ఎవరూ ఇంటికి పోలేదు. కర్నూలు మిషన్ బడిలో చెప్పే జ్ఞానరాజు సారు టేపు యంత్రం తెచ్చాడు. మదనపల్లె క్షయ ఆసుపత్రిలో ఉన్న మావాళ్లకు మా పాట వినిపించాలని ఆయన కోరిక. మా శాంతయ్య భార్య విశ్వాసమ్మ పోయిన ఎండాకాలంలో అక్కడ చేరింది. ఇంకా ఇంటికి పంపలేదు.

శాంతయ్య యుద్ధకాలంలో పటాలం బ్యాండులో వాయించినవాడు. అప్పటి సైడ్ డ్రమ్మునే ఇప్పుడు ఆరాధనలో వాయిస్తాడు. పొద్దున్నే నా దగ్గరికి వచ్చాడు.

"గాబ్రియేలన్నా, పాట ఎవురైనా పాడతారు. ఆయమ్మి గుర్తుపట్టేది నా చెయ్యే. డ్రమ్ము మాత్రం తీసేయొద్దు."

సంఘపెద్దల్లో పెద్దవాణ్ణి గనుక తీసేయడమైనా, ఉంచడమైనా నా మాట మీదే ఉంది.

రాళ్ల లారీ బ్యాటరీతో యంత్రాన్ని నడిపారు. సారు దగ్గర మైకులు రెండు, బరువైనది ఒకటి, అగ్గిపెట్టెంతది ఒకటి. ముందు బరువైనదాన్ని డ్రమ్ము మీదికి వంచాడు. వింటే అన్నీ దెబ్బలే, పాట అడుగున పడిపోయింది.

"పాట పాడినట్టు లేదు, గనిలో బండలు పగలగొట్టినట్టుండాది" అంది హార్మోనియం ముందున్న నా భార్య రత్నమణి.

సారు నవ్వి ఆ మైకును పాడేవాళ్ల ముందుకు మార్చాడు. చిన్నదాన్ని డ్రమ్ము కింద పెట్టాడు. కింది తోలుకు అడ్డంగా బిగించిన తీగలు పోపు పెట్టినట్టు చిటచిటలాడాయి. అప్పుడు దాన్ని పక్కకు తెచ్చి, జానెడు దూరంలో, పుల్లలు పడే చోటికి కాకుండా అంచు వైపు తిప్పి నిలిపాడు. నేల మీది నున్నటి నాపబండలు శబ్దాన్ని తిప్పికొడుతున్నాయని గొంగళ్లు పరిపించాడు. ఈసారి బాగుంది.

అయితే రత్నమణి కింది స్వరం పట్టగానే డ్రమ్ము ఝుమ్మంది.

"ఎవరు వాయించేది?" అన్నాడు సారు.

శాంతయ్య రెండు చేతులూ పైకెత్తాడు. "నేను గాదు సారూ."

"నేను వాయిస్తాంటే అది వంత పాడతాండాది. మీ అందరికన్నా అదే నయం" అంది రత్నమణి.

హార్మోనియం శబ్దానికి ఆ తీగలు అదురుతున్నాయని, వాటిని వదులు చేయాలని, లేదంటే డ్రమ్మునే మానుకోవాలని సారు చెప్పాడు. శాంతయ్య డ్రమ్ము పక్కనున్న మర తిప్పి తీగలు వదులు చేసి, పుల్లతో ఒక దెబ్బ వేశాడు. అది అచ్చం తప్పెట శబ్దం.

మా తాతలు ఊరికి తప్పెట కొట్టినవాళ్లు. చావుకైనా, జాతరకైనా, చాటింపుకైనా పిలిస్తే పోయి దూరంగా నిలబడి కొట్టేవాళ్లు. బాప్తిస్మం పొందిన రోజు మా నాయన తన తప్పెటను వంకలో పారేశాడు. ఆ శబ్దం చర్చిలో వినపడకూడదని ఆయన కట్టడి. నేనూ ఇంతవరకు దాన్ని దాటలేదు.

"తీగలు బిగించు శాంతయ్యా. డ్రమ్ము లేకుండానే పాడదాం" అన్నాడు దావీదురాజు. ఆయనా సంఘపెద్దే.

శాంతయ్య నా వైపు చూశాడు.

ఎవరూ పిలవకుండా, ఎవరి వాకిటా నిలబడకుండా, ఒక మనిషి తన భార్య కోసం కొడితే అది కూడా ఆ తప్పెటేనా? కళ్లు మూసుకుని ప్రార్థించాను. జవాబు వచ్చిందని చెప్పలేను.

"అట్లే వాయించప్పా" అన్నాను.

"మీ నాయన ఉంటే ఒప్పుకునేవాడా?" అన్నాడు దావీదురాజు.

"ఒప్పుకునేవాడు గాదు. తప్పయితే నా మీద ఏసుకుంటా."

పాట మొదలైంది. శాంతయ్య మా గొంతుల కింద పరుపు పరిచినట్టు మెత్తగా వాయించాడు. పాట ముగిసింది, హార్మోనియం ఆగింది. అతను ఆగలేదు. మా చిన్నప్పుడు పెండ్లిండ్లకు తప్పెట మీద కొట్టే దరువు ఎత్తుకున్నాడు. సారు చెయ్యి మీట మీదికి పోయి, నా కోసం ఆగింది. ఆపొద్దని తల అడ్డంగా ఊపాను. దావీదురాజు తల వంచుకుని కూర్చున్నాడు గాని లేచి పోలేదు. శాంతయ్య పుల్లలు దించేదాకా టేపు తిరుగుతూనే ఉంది.