తువ్వాలు చాటున సత్యము

మృగశిర కార్తె ప్రవేశించి మూడు దినములాయెను. వేసవి తాపమునకు బీటలు వాఱిన పొలములు తొలకరి జల్లులకు తడిసి క్రొత్త కుండవలె పరిమళించుచుండ, దుక్కిటెద్దులకై త్వరపడు రైతుల కేకలతోను కొమ్ములకు రంగులు పూయించుకొని మూపురములు కదల్చుచు నిలిచిన వృషభముల రంకెలతోను జీడిమామిడి తోపు చెంతనున్న పశువుల సంత సముద్రమువలె ఘోషించుచుండెను. ఆ ఘోషము చెవిని పడుచుండగా తన యింటి అరుగుపై బాసెనపట్టు వేసికొని కూర్చుండి తాలాడ గౌరినాయుడు ఊపిరి బిగబట్టి అంకెలు లెక్కించుచుండెను.

గౌరినాయుడు నలుబది యేండ్లుగా ఆ సంతలో ఎడ్ల బేరములు కుదుర్చు మధ్యవర్తి. ఆ వృత్తియందు నోటి మాట చుట్టు గుమిగూడినవారి వినోదమునకు మాత్రమే. అసలు ధర తువ్వాలు క్రింద చేతిలో చేయి యుంచి వ్రేళ్లు నొక్కి చెప్పవలయును. ఒక వ్రేలు నొక్కిన ఒకటి, పిడికిలి మూసిన శూన్యము. నోటితో ముసలి యెద్దును కోడెయని పొగడుట నేర్పనిపించుకొనును. తువ్వాలు క్రింద బొంకినవాని చేతిలో మరి యెవ్వడును చేయి యుంచడు.

గత కార్తికమున ఈ గౌరినాయుడు మద్యము మితిమీరి సేవించి, పశుజాతికి స్వాతంత్ర్యమొసగెదనని పలికి సంతలోని పదునేడెద్దుల పలుపులు విప్పివైచెను. అవి కాలీఫ్లవరు రాశులను ఆరగించి ఒక అధికారి జీపును కాలువలోనికి త్రోసినవి. తొలి నేరమగుటచే న్యాయాధిపతి పుష్యమాసమున చెఱసాలకు పంపక ఒక వత్సరము ప్రొబేషనులో నుంచి, మంగళవారము మంగళవారము పట్టణమున మద్యవిముక్తి చికిత్స పొందవలయుననియు, తానే సమ్మతించి సంతకము చేసిన ప్రకారము ఆఱవ మాసమున లై డిటెక్టరను సత్యశోధన యంత్రము నెదుట కూర్చుండవలయుననియు ఆజ్ఞాపించెను. ఈ నడుమ ఒక చుక్క త్రాగినట్లు తేలినను ఆఱు మాసముల కారాగారము తప్పదు.

అతడు త్రాగియుండెను. ఫాల్గుణమున ఎడ్లజత చూచుటకై కొండ యూరికి పోయి, గృహస్థు ప్రేమతో అందించిన జీలుగు కల్లు ఒక్క ముంత కాదనలేకపోయెను. ఎల్లుండి పరీక్ష.

యంత్రమును సైతము ఒక కొనుగోలుదారుగానే అతడు లెక్కించెను. దానికేమి కావలయునో తెలిసికొని అదియే చూపుట ఉత్తమమని తలంచి, చికిత్సాలయమున తన తోడి రోగియు ఆబ్కారీ శాఖలో పదవీ విరమణ చేసిన కానిస్టేబులునగు కూర్మారావును ఆ యుదయమే యాశ్రయించియుండెను.

"దానికి నోటితో పన్నేదు నాయుడూ. ఊపిరి, గుండి, సెమట. ఈ మూడూ అదుపులో ఎట్టుకో. ముప్పయ్యేళ్లు సారా పట్టినోణ్ణి, నాకు తెల్దా?"

"పట్టీసి ఏటి సేసినావు బాబూ?"

"అందుకే కదా నీ పక్కన కూకున్నాను."

ఈ యుపదేశమును శిరసావహించి గౌరినాయుడు రెండు దినములు ఊపిరిని సాధనచేసి, అఱచేతులకు చెమట పట్టకుండ పటికనీటితో కడుగుకొని, తుదకు ఉలవలు చెఱుగుచున్న భార్య రవణమ్మను పిలిచి తన ఱొమ్ముపై చేయి యుంచి ప్రశ్నింపుమనెను.

"తాగినావా మావా?"

"నేదు."

"గుండి రాయిలాగున్నాది. అబద్ధమాడినప్పుడే నీ గుండి నెమ్మదిగుంటాది. పెళ్లిసూపుల్నాడూ ఇంతే."

"అయితే నెగ్గినట్టేనే."

రవణమ్మ చేయి తీసి చేట నందుకొనెను. "నువ్వు నెగ్గుతావు. మరి నిజం నానెవుల్ని అడగాల?"

గౌరినాయుడు మరల అంకెల లెక్కకే దిగెను.

పరీక్షామందిరము ఏసీ యంత్రముచే మాఘమాసమువలె చల్లబడియుండెను. ప్రసన్నకుమారుడను యువ పరీక్షకుడు అతని ఱొమ్మునకు పట్టీ చుట్టి దండచేతికి గాలిసంచి కట్టి రెండు వ్రేళ్లకు క్లిప్పులు తగిలించెను. ముడుతలుపడిన వ్రేళ్లు చలికి బిగుసుకొనుటచే క్లిప్పులు జాఱుచుండగా, ఆ యువకుడు జాలిపడి గౌరినాయుని భుజముపైని తువ్వాలు తీసి అతని చేతిపై కప్పి, తన చేతిని దాని క్రిందికి పోనిచ్చి క్లిప్పులను పట్టుకొని కూర్చుండెను.

"మీ పేరు తాలాడ గౌరినాయుడేనా?"

"అవును బాబూ."

"ఈ ఆరు నెలల్లో మద్యం తాగారా?"

"నేదు."

ఊపిరి చలింపలేదు. గుండె రవణమ్మ సాక్ష్యము చెప్పినట్లే రాయివలె నుండెను. కాని తువ్వాలు క్రింద అతని చూపుడువ్రేలు పరీక్షకుని అఱచేతిని ఒక్కమాఱు గట్టిగా నొక్కెను. తెరపై గీత పలుపు త్రెంచుకొన్న కోడెవలె ఎగసెను. పరీక్షకుడు విస్మితుడై మరల అడిగెను. నోరు మరల లేదనెను. వ్రేలు మరల ఒకటి చెప్పెను.

"నాయుడుగారూ, నోటితో లేదంటున్నారు. నన్నెందుకు నొక్కుతున్నారు?"

గౌరినాయుడు తలవంచి తువ్వాలును చూచెను. ఊపిరికి పహరా యుంచి, గుండెకు కళ్లెము వేసి, చెమటకు పటిక పూసినవాడు చేతిని మఱచెను. ఇప్పుడు ఆ వ్రేలు బొంకెనని చెప్పినచో చెఱ తప్పవచ్చును. కాని నలుబది యేండ్లు చేతిలో చేయి యుంచినవారందఱును వరుసగా అతని కన్నుల యెదుట నిలిచిరి. చేతిలో చేట పట్టుకొని రవణమ్మయు నిలిచెను. ఆఱు మాసములను ఒక తట్టను, వీరిని ఒక తట్టను పెట్టి చూచి అతడు దీర్ఘముగా నిట్టూర్చెను.

"నోటి మాట సుట్టూ ఉన్నోల్లకి బాబూ. ఏలు సెప్పిందే బేరం. కొండూర్లో జీలుగు కల్లు తాగినాను."

"ఎంత?"

అతడు తువ్వాలు క్రింద మరల ఒక్కమాఱు నొక్కెను. ఈమాఱు గీత మేత మేసిన పశువువలె నెమ్మదిగా సాగిపోయెను.

రోగి తన తప్పును తానే చెప్పుకొనుట చికిత్స ఫలించుటకు గుర్తని చికిత్సాలయపు వైద్యురాలు వ్రాసిన లేఖను చదివి న్యాయాధిపతి కారాగారము మాన్పెను. అయినను ప్రొబేషనును మఱి యాఱు మాసములు పొడిగించి, ఆ యేటి సంతలలో అడుగిడరాదని శాసించెను. దుక్కుల వేళ సంతకు పోలేని మధ్యవర్తి కాడి లేని యెద్దుతో సమానుడు. అయినను చెఱ తప్పి ఒక యేరువాక పోవుట గిట్టుబాటు బేరమేయని గౌరినాయుడు తీర్మానించుకొనెను.

నాటి సాయంకాలము రవణమ్మ దండెముపైని తువ్వాలు దింపి అరుగుపై అతని ప్రక్కన కూర్చుండి ఇరువురి చేతులపైనను పఱచెను. ఆ ముంత తరువాత ఇంకెన్నియని ఆమె కన్నులే యడిగెను. అతడు ఆమె అఱచేతిలో పిడికిలి మూసి యుంచెను. ఆమె ఆ పిడికిలిని విడువక పట్టుకొనియే యుండెను. దూరమున సంత సద్దుమణుగుచుండ, తొలకరి గాలికి తువ్వాలు అంచు ఒకింత లేచి మరల ఆ చేతులపైననే వ్రాలెను.