సగం బిళ్ల

మా ఆయన సోఫాలకు కవర్లు కుట్టే వర్క్‌షాపులో పనిచేస్తాడు. కూలి పీసు లెక్కన. ఆర్డర్లుంటే చేతినిండా పని, లేకపోతే రెండు మూడు నెలలు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడమే. పోయిన వారం కుడుతూ కుడుతూ కళ్లు తిరిగి మిషను మీదే పడిపోయాడు. సూది బొటనవేల్లోకి దిగింది.

నాకు బుర్ర పనిచేయలేదు. పని లేనప్పుడు దిగులుతో బీపీ పెరిగిందంటే సరే అనుకోవచ్చు. చేతిలో నాలుగు డబ్బులు ఆడుతూ, వేళకింత తింటున్నప్పుడు పడిపోవడమేమిటి? "ఆ బీపీ మందులు పడట్లేదేమో వదినా," అంది ఆడపడుచు. నాకూ డాక్టరమ్మ మీదే అనుమానం. పోయినసారి బిళ్ల పవరు రెట్టింపు చేసింది ఆవిడే కదా. కడిగేద్దామనే ఆయన్ని వెంటబెట్టుకుని క్లినిక్కుకు బయల్దేరాను.

ఆవిడ ఆయన బీపీ చూసి, పాత చీటీలన్నీ టేబుల్ మీద పరిచింది.

"మొన్నటిదాకా ఆకాశంలో ఉంది, ఇవాళ అడుగంటింది. నాకూ అర్థం కావట్లేదు. మందు రోజూ వేసుకుంటున్నారా?"

"మా ఆవిడ బిళ్ల చేతిలో పెట్టందే గడప దాటనివ్వదు మేడమ్. ఒక్కరోజు కూడా మానలేదు," అన్నాడాయన గర్వంగా.

మానని మాట నిజమే.

పని లేని నెలల్లో బిళ్లలు ఎక్కువ రోజులు రావాలని బ్లేడుతో సగానికి కోసి ఇచ్చేదాన్ని. కూరలో కాసిని నీళ్లు పోసి సరిపెట్టినట్టే ఇదీ అనుకున్నాను. ఆయన బూట్ల లేసులు కట్టుకుంటూ చూడకుండా మింగేవాడు. బీపీ పెరిగింది ఆ నెలల్లోనే. అది చూసి ఆవిడ పవరు పెంచింది. ఆర్డర్లు రాగానే నేను ఆ పెద్ద బిళ్ల పూర్తిగా ఇచ్చాను.

చెప్పేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"నాతో ఒక్క మాట అనొచ్చుగా," అన్నాడాయన.

"చెబితే మీరు మొత్తానికే మానేస్తారని."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కలం తీసి, కొత్త చీటీ మీద పెట్టి ఆగిపోయింది.

"పూర్తి బిళ్ల వేసుకుంటే పాత పవరు చాలు. సగం చేస్తే అది ఏ మూలకీ రాదు. వచ్చే నెల పని ఉంటుందా?"

ఆయన నా వైపు చూశాడు.

"సోఫాలు కొనేవాళ్లని అడగాలి మేడమ్," అన్నాడు.

ఏ పవరు రాయాలో తేలక ఆవిడ కలం చీటీ మీదే ఆగి ఉంది.