సెల్లార్‌లో చెప్పిన సాక్ష్యం

యేసురత్నం కుడి చెవిని చంపింది అతని బావమరిది లెవీ. రోగం కాదు. ఈ సంగతిలో యేసురత్నానికి అనుమానం లేదు. ఎవరైనా వాదిస్తే వినే ఓపికా లేదు.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లున్న ఒక కాంప్లెక్స్ కింద, సెల్లార్‌లో అతను బండ్లు పెట్టిస్తాడు. పొట్టి మనిషి. నీలం చొక్కా భుజాల దగ్గర వెలిసిపోయింది. స్కూటర్ల వెనక చక్రాలు ఎత్తి పక్కకు జరిపీ జరిపీ అరచేతులు కాయలు కాశాయి. మెడలో ఈల వేలాడుతుంది.

ఒక్క చెవే పనిచేస్తే చప్పుడు వినబడుతుంది గాని ఎటునుంచి వస్తుందో తెలియదు. సెల్లార్‌లో మరీ. ఆ ఉదయం తెల్ల కారొకటి వెనక్కి వస్తూ హారన్ కొట్టింది. యేసురత్నం ర్యాంప్ వైపు తిరిగాడు. కారు అతని తొడకు తగిలి ఆగింది.

"చెవుడా ఏందయ్యా?" కారతను అద్దం దించి అరిచాడు.

"లేదు సార్. అటుకెల్లి బండొస్తుందనుకున్న."

పైన గేటు దగ్గర నిలబడే ఐలయ్య దిగి వచ్చాడు. యేసురత్నం చెవి సంగతి ఆ భవనంలో తెలిసింది అతనొక్కడికే. సూపర్‌వైజర్ చెవిన పడితే ఆ రోజే పని పోతుంది.

"అన్నా, గిట్లయితే చెవి కాదు, కాలు సుత పోతది. బండొస్తే నేను టార్చ్ కొడుతున్న గద, గది చూడు."

"చూస్తున్న."

"ఏం చూస్తున్నవ్? కారొచ్చి ముద్దు పెట్టినంక చూస్తవా?"

యేసురత్నం నవ్వలేదు.

వానలు మొదలైన రోజుల్లో, ఒక ఉదయం లేచేసరికి ఆ చెవి మూసుకుపోయింది. స్నానం నీళ్లు పోయాయనుకుని తల వంచి గెంతాడు. వెల్లుల్లి కాచిన నూనె పోసుకున్నాడు. తగ్గకపోతే సోమాజిగూడలో ఒక ఆసుపత్రికి వెళ్లాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినబడ్డప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఎడమ చెవికి నొక్కుతూనే ఉన్నాడు. కుడి చెవికి మార్చాక వేలు మీట మీద ఊరికే ఉండిపోయింది. లోపలి నరం దెబ్బతిన్నదని డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు రాసింది. చెవిలోకి సూదులు వేయాలంది. "మొదటి రెండు వారాలే మన చేతిలో ఉంటాయి. ఆలస్యం చేయకండి" అంది.

అతను వెళ్లే చర్చి సంఘంలో ఆడవాళ్లు అతని కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. సంఘ పెద్దల్లో ఒకడైన లెవీ అతన్ని సౌండ్ బాక్స్ పక్కన కూర్చోబెట్టాడు. పాటల మధ్యలో చచ్చిన చెవిలో గుయ్యిమని మోత మొదలైంది. చెవి తెరుచుకుంటోందనుకుని యేసురత్నం తల ఎత్తాడు. లెవీ అది చూశాడు. సాక్ష్యం చెప్పమని మైకు తెచ్చి చేతిలో పెట్టాడు.

"దేవుడు నా చెవి తెరిచిండు" అన్నాడు యేసురత్నం. హాలంతా చప్పట్లు.

అది దెబ్బతిన్న నరం చేసే మోత. మర్నాడు సూది కోసం బయల్దేరితే లెవీ గడపలో నిలబడ్డాడు. "సాక్ష్యం చెప్పినంక సూది ఏయించుకుంటవా బావా? అందరి ముందట దేవున్ని అబద్ధికున్ని చేస్తవా?"

యేసురత్నానికి పిల్లలు లేరు. భార్య కృపామణి పోయాక అతను ఆదివారం అన్నం తినేది ఆమె తమ్ముడి ఇంట్లోనే. అతని పేరు పెట్టి ఒక కంచం ఉన్న ఇల్లు అదొక్కటే. మాత్రలు అటకెక్కాయి. గడువు దాటాక ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్లాడు. డాక్టరమ్మ పాత కాగితాలు చూసి, "ఇప్పుడా వచ్చేది?" అంది. ఇక ఆ చెవి రాదంది. సంఘానికి మాత్రం అది ఇప్పటికీ బాగానే ఉంది. ఆదివారాలు అతను కుడి పక్కన గోడ ఉండేట్టు చూసుకుని కూర్చుంటాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతుంటే ఒలీవియా ర్యాంప్ దిగి వచ్చింది. పంజాగుట్టలో చీరల షోరూంలో పని, సంఘంలో పాటలు పాడే పిల్ల. షోరూం వాళ్ల మెరుపు చీర కట్టుకుని ఉంది. ముఖం నిద్రలేనిదానిలా ఉంది.

"వందనాలు అంకుల్. సోమవారం లేచేసరికి నా ఎడమ చెవి బంద్ అయింది. పాటకు శ్రుతి దొరుకుతలేదు."

"డాక్టర్‌కు చూపించినవా?"

"చూపించిన. ఇయ్యాల సాయంత్రం చెవిల సూది ఏస్తరట. మమ్మీ వద్దంటున్నది. మీకు ప్రార్థనతోనే నయమైంది గద. లెవీ అంకుల్ ఆదివారం ముందట కూసోమన్నడు. నాకేమో మస్తు భయమైతుంది. మీ నోటితోని ఒక్కసారి చెప్తే ఇగ సూదికి పోను."

యేసురత్నం నోట్లో ముద్ద ఉంది. దాన్ని చాలాసేపు నమిలాడు. లెవీ ఇంట్లో ఆ కంచం గుర్తొచ్చింది. చేయి కడుక్కుని లేచాడు.

"నా కుడి పక్కకు వచ్చి నిలబడు. ఏదన్న పాడు."

ఎడమ చెవిలో వేలు గట్టిగా దోపుకుని, ముఖం స్తంభం వైపు తిప్పుకున్నాడు. పైన ఐలయ్య గేటు వదిలి ర్యాంప్ అంచుకు వచ్చి, కిందికి తొంగిచూశాడు. యేసురత్నం ఎదురుచూశాడు. ఎంతకీ ఏమీ రాకపోతే తిరిగి చూశాడు. పిల్ల అతన్నే చూస్తూ ఉంది. కళ్లు నిండాయి.

"పాడినవా?"

"చరణం మొత్తం పాడిన అంకుల్."

"నాకు మోత తప్ప ఏం లేదు. నాకేం నయం కాలేదు బిడ్డా. సాయంత్రం దాక ఎందుకు, ఇప్పుడే పో. నేను పోక చెడిపోయిన."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "మరి అందరి ముందట ఎందుకు చెప్పిండ్రు?"

"నిన్ను పొమ్మన్న గద. పో."

వందనాలు చెప్పకుండానే వెళ్లిపోయింది. అన్నం మీద ఈగలు వాలాయి. డబ్బా మూత పెట్టేశాడు.

చీకటి పడే వేళ లెవీ వచ్చాడు. మాసబ్ ట్యాంక్‌లో ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. చొక్కా చెమటకు తడిసి ఉంది. హెల్మెట్ తీసి కుర్చీ మీద పెట్టాడు.

"ఆ పిల్ల సూది ఏయించుకున్నది. వాళ్లమ్మ అందరికి ఫోన్లు చేస్తుంది, యేసురత్నం సంఘంల అబద్ధం ఆడిండని. నా మొఖం ఏడ పెట్టుకోవాలె బావా?"

"నీ ఇష్టం."

"నేను నీ మంచికే చేసిన. అక్క ఉంటే..."

"మీ అక్క పేరు తీయకు."

లెవీ గొంతు తగ్గించాడు. "ఆదివారం వచ్చి నిలబడు. మోత వస్తే చెవి వచ్చిందనుకున్న, తప్పయిందని ఒక్క మాట చెప్పు. అందరు క్షమిస్తరు."

"ఎవలు ఎవల్ని?"

లెవీ చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"చెప్పేది ఆ పిల్లకు చెప్పిన. అయిపోయింది. సంఘంలనైనా, నీ ఇంట్లనైనా, చచ్చేదాక ఈ ముచ్చట నా నోటికి రాదు. నువ్వు నా దగ్గర తీయకు."

"మరి ఆదివారం అన్నానికి?"

"రాను."

లెవీ జేబులోంచి బండి తాళం తీశాడు. తర్వాత ర్యాంప్ ఎక్కి వెళ్లిపోయాడు. పిలిస్తే వినబడే దూరమే. యేసురత్నం పిలవలేదు. బండి స్టార్ట్ చేసిన చప్పుడు ఎటునుంచో వచ్చి పోయింది.

కుర్చీ మీద హెల్మెట్ ఉండిపోయింది. దాన్ని తీసి స్తంభానికున్న మేకుకు తగిలించాడు. క్రిస్మస్ పండుగ వచ్చింది, పోయింది. హెల్మెట్ వెనక అంటించిన బైబిలు వాక్యం మీద సెల్లార్ దుమ్ము పేరుకుని అక్షరాలు కనబడకుండా పోయాయి.