నా కొడుకు పేరుతో ఆడినవాడు

మా ఊరి ఫుట్‌బాల్ మైదానానికి నా కొడుకు పేరు పెడుతున్నారని మేయరుగారి మనిషి వచ్చి చెప్పేసరికి నేను ఆరో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. సిమెంటు పలక కూడా సిద్ధమైందట. దాని మీద పెద్ద అక్షరాలతో సెల్విన్ ముంగియా అని, కింద ఒక బంతి బొమ్మ. నా కొడుకు సెల్విన్ పదకొండో ఏట డెంగీ జ్వరంతో పోయాడు. బతికున్నన్నాళ్ళూ బంతి తన వైపు వస్తే పక్కకి తప్పుకునేవాడు. ఆ సంగతి చెప్పబోయి ఊరుకున్నాను. ఆ మేయరు మనిషి నా దగ్గర చదివినవాడే, సెల్విన్ని పూడ్చిన రోజు టోపీ తీసి నిలబడ్డవాడే. అతనికి తెలియనిది నేను చెప్పేదేమీ లేదు.

పేరు నా కొడుకుది, ఆట ఓర్లిన్ బనేగాస్‌ది.

ఓర్లిన్ సెల్విన్ కంటే మూడేళ్ళు పెద్ద. అరటి కంపెనీ వదిలేసి పోయిన పాత ఇళ్ళ వరసలో అమ్మమ్మ దగ్గర పెరిగాడు. ఆరో తరగతి రెండుసార్లు చదివాడు. కాళ్ళలో మాత్రం ఏదో ఉంది, అది కాదనను. వాడికి పదిహేడేళ్ళప్పుడు ప్రొగ్రెసో పట్టణానికి టెక్సస్ నుంచి ఒక ఏజెంటు వచ్చాడు. పద్నాలుగేళ్ళు దాటని కుర్రాళ్ళే కావాలన్నాడు. అక్కడివాళ్ళకి మా అరటిగెలలైనా మా పిల్లలైనా పచ్చిగా ఉండగానే ఓడెక్కాలి. ఓర్లిన్‌కి అప్పటికే మీసం వచ్చింది. మీసం గీసుకోవచ్చు, మూడేళ్ళు గీసుకోవడం కష్టం. అందుకని ఏజెంటు, వాడు కలిసి రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి నా కొడుకు జనన పత్రం తీసుకున్నారు. కౌంటరు దగ్గర పేరు, పుట్టిన తేదీ సరిగ్గా చెబితే ఎవరి పత్రమైనా ఇస్తారు. మైనరు దేశం దాటడానికి తండ్రి సంతకం కావాలి, అది కూడా ఎవరో పెట్టారు. తరువాత ఒకసారి దాని నకలు చూశాను. నా సంతకం కంటే అందంగా ఉంది.

ఇది చెల్లిందంటే తప్పు నాది. మా ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా ఫారాలు నింపేది నేనే. నమోదు చేయించండి, ఆలస్యం చేయకండి అని ఇరవై ఏళ్ళు ఊరందరికీ చెప్పాను. సెల్విన్ పోయినప్పుడు మాత్రం వెళ్ళలేదు. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ గడిపాను. ఆ ఫారంలో 'మృతుడి పేరు' అనే గడి ఉంటుంది. ఊళ్ళో ఎంతమంది పేర్లు అందులో రాశానో లెక్కలేదు. వాడి పేరు రాయలేకపోయాను. అందువల్ల ప్రభుత్వం దృష్టిలో నా కొడుకు చావలేదు. పద్నాలుగేళ్ళు నిండి టెక్సస్ వెళ్ళాడు.

ఊరు ఈ మార్పుని ఎంత తొందరగా నేర్చుకుందో చెప్పాలి. నాలుగో ఎక్కం నేర్చుకోవడానికి మూడేళ్ళు తీసుకున్నవాళ్ళు, ఓర్లిన్‌ని సెల్విన్ అనడం మూడు రోజుల్లో నేర్చుకున్నారు. ఒక్కరు కూడా పొరపాటు పడలేదు. వాడు అక్కడ రెండో డివిజన్‌లో ఆడాడు, మొదటి డివిజన్‌లో ఆడాడు, చివరికి జాతీయ జట్టు చొక్కా వేసుకున్నాడు. వీపు మీద ముంగియా అని రాసి ఉంది. ఆ చొక్కాలు మా ఊరి సంతలో అమ్మారు. నా ముందు బెంచీలో కూర్చునే ఒక పిల్లవాడు అది వేసుకుని బడికి వచ్చాడు. వాడి వీపు వెనక నిలబడి ఆ వారమంతా పాఠం చెప్పాను.

అప్పుడే వెళ్ళి చెప్పి ఉండేవాణ్ణి. నన్ను ఆపింది నా భార్య బెర్తీలియా. మొదటిసారి రేడియోలో ఆ పేరు విన్నప్పుడు ఆమె కూరగాయలు తరుగుతోంది. కత్తి కింద పెట్టి, వ్యాఖ్యాత ఆ పేరు మళ్ళీ పలికేదాకా కదలకుండా నిలబడింది.

"పిలవనీండి. ఎవరో ఒకరు వాణ్ణి గట్టిగా పేరు పెట్టి పిలుస్తున్నారు కదా" అంది.

ఆ తరువాత ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం ఆమె ఆ పిలుపు విన్నది. ఆట గురించి ఆమెకేమీ తెలియదు. ఎవరు గెలిచారో అడిగేది కాదు. పేరు ఎన్నిసార్లు వచ్చిందో మాత్రం నాకు చెప్పేది. నేను నోరు మూసుకున్నాను.

ఓర్లిన్ మాత్రం నోరు మూసుకోలేదు. పత్రికలవాళ్ళు చిన్ననాటి సంగతులు అడిగితే చెప్పడం మొదలుపెట్టాడు. తండ్రి బడిపంతులట, కఠినుడట, గుడ్డల బంతి చేసుకుంటే లాక్కుని పొయ్యిలో వేసేవాడట. చెప్పుల్లేని కాళ్ళతో అరటితోటల్లో దొంగతనంగా ఆడుకునేవాడట. చెప్పుల్లేకపోవడం నిజం కావచ్చు. నా పొయ్యిలో బంతి ఎన్నడూ కాలలేదు. సెల్విన్‌కి మిణుగురులంటే ఇష్టం, సీసాలో పెట్టి చూసి వదిలేసేవాడు. పత్రికల్లో నా కొడుకు నాకు భయపడుతూ పెరిగాడు. పట్టణంలో నాకు పరిచయం లేనివాళ్ళు కూడా, ఇప్పుడైనా అబ్బాయిని చూసి గర్వపడుతున్నారా మాస్టారూ అని అడిగేవారు.

ఈ ఫిబ్రవరిలో బెర్తీలియా చనిపోయింది. ఈసారి ఆలస్యం చేయలేదు, మూడో రోజే రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాను. కౌంటరులో ఉన్న ఐరిస్ అనే అమ్మాయి తెరమీద చూసి, భర్త, ఒక కొడుకు ఉన్నారు అని చదివింది. తల ఎత్తి, దేవుడు మీకు అన్యాయం చేయలేదు మాస్టారూ, అలాంటి కొడుకునిచ్చాడు అంది. మంచి మనసుతోనే అంది. పూడ్చిపెట్టేటప్పుడు టెక్సస్ నుంచి పెద్ద పూలచక్రం వచ్చింది. రిబ్బను మీద బంగారు అక్షరాలతో 'అమ్మకు, నీ కొడుకు సెల్విన్' అని ఉంది. మోసుకొచ్చినవాళ్ళు దాన్ని సెల్విన్ సమాధికి ఆనించి నిలబెట్టారు. ఎవరికీ వింతగా తోచలేదు.

మేయరు మనిషి వచ్చి వెళ్ళిన రెండు రోజులకి ఓర్లిన్ స్వయంగా వచ్చాడు. మా ఊరి సాన్ ఆంటోనియో పండుగకి ఇంకా వారం ఉంది. నల్లని పెద్ద కారు గుమ్మం ముందు ఆగింది. వెంట ఆ టెక్సస్ ఏజెంటు, ఒక నోటరీ. ఓర్లిన్ లావయ్యాడు, కణతల దగ్గర జుట్టు వెనక్కి పోయింది. కాగితాల ప్రకారం ఇరవై ఆరేళ్ళు. వాడు ఒంగి నా చెయ్యి పట్టుకుని, "నాన్నా, ఆరోగ్యం ఎలా ఉంది?" అన్నాడు.

వాడు నన్నలా పిలవడం నోటరీ కోసం. కాఫీ పెట్టి ఇచ్చాను. ఇంటికి వచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వకుండా ఉండటం నాకు చేతకాదు.

విషయం ఏజెంటు చెప్పాడు. మెక్సికోలో ఒక పెద్ద క్లబ్బు వాణ్ణి కొనడానికి సిద్ధంగా ఉంది. ఇంతలో ఎవరో సంతకం లేని ఉత్తరం రాశారు, వాడి వయసు అబద్ధమని. శుక్రవారం లోపల తండ్రి ప్రమాణపత్రం ఇస్తే చాలు. ఇతను నా కొడుకే అని రెండు వాక్యాలు. ఆదివారం పండుగలో మైదానానికి పేరు పెట్టడం, ఆ తరువాత మేయరుగారు బడికి కొత్త కప్పు వేయించడం. బడి కప్పు కారుతుందని ఏజెంటుకి ఎవరో చెప్పినట్టున్నారు. ఏ గదిలో ఎక్కడ కారుతుందో కూడా చెప్పాడు.

కాగితం తీసుకుని చదివాను. భాష బాగానే ఉంది. ఓర్లిన్‌తో ఒక్క మాట మాట్లాడాలని మిగతా ఇద్దరినీ అరుగు మీద కూర్చోమన్నాను. తలుపు మూసుకోగానే వాడి మాట మారింది.

"మాస్టారూ, నేను దొంగతనం చేశానని మీరనుకుంటున్నారు. కానీ చూడండి, ఆ పేరు ఎక్కడుండేది, ఎక్కడికి తీసుకెళ్ళాను. నలభై వేలమంది లేచి నిలబడి అరిచారు ఆ పేరు. మీరు అచ్చంగా తండ్రి అయితే సంతోషించాలి."

"మా వాడి గురించి ఒక్కటి చెప్పు. పన్నెండేళ్ళు వాడి పేరు రాశావు కదా. వాడికేమిష్టమో, దేనికి నవ్వేవాడో, ఏదైనా ఒక్కటి."

వాడు ఇంటికప్పు వైపు చూశాడు. కాలితో నేల మీద రాశాడు. ఆరో తరగతిలో కూడా ఇలాగే చేసేవాడు.

"మంచి కుర్రాడు" అన్నాడు చివరికి. "నెమ్మదస్తుడు. మా వెంట ఆడేవాడు."

"వాడు ఆడేవాడు కాదురా."

"ఏదో ఒకటి మాస్టారూ. అయిపోయిన దానికి ఇప్పుడేమిటి? మీరు సంతకం పెట్టకపోతే నేనెవర్ని? ఓర్లిన్ పేరు మీద నాకు ఒక్క కాగితం లేదు."

"బడి రిజిస్టరులో ఉంది. ఓర్లిన్ బనేగాస్, ఆరో తరగతి ఉత్తీర్ణుడు. లెక్కల్లో అరవై రెండు. నేనే రాశాను. అందులో ఎనిమిది నేను కలిపినవి."

వాడు నవ్వాడు. నేను నవ్వలేదని గమనించాక ఆపాడు. బెర్తీలియా బతికుంటే పెట్టించేది అన్నాడు. అది నిజమే. అందుకే ఆ మాట అనే హక్కు వాడికి లేదనిపించింది. కాగితం మడిచి వాడి చేతిలో పెట్టి తలుపు తీశాను. కారు ఎక్కేటప్పుడు ఏజెంటు, శుక్రవారం దాకా ఆలోచించుకోండి అన్నాడు. నేను ఆలోచించడం అప్పటికే అయిపోయింది.

ఆలస్యంగా మరణం నమోదు చేయాలంటే శవాన్ని కళ్ళారా చూసిన ఇద్దరు సాక్షులు గుర్తింపు కార్డులతో ఆఫీసుకి రావాలి. సెల్విన్ శవాన్ని ఊరంతా చూసింది. కాబట్టి సాక్షులకి కరువేమిటి అనుకున్నాను. వీధి వెంట వెళ్ళాను. దుకాణదారుకి మోకాళ్ళ నొప్పులట, బస్సు ఎక్కలేడట. చర్చిలో దీపాలు వెలిగించే రమోన్‌కి ఆ సంవత్సరం ఏదీ సరిగ్గా గుర్తు లేదట. మేయరు మనిషి బావమరిది, పిల్లలకి కప్పు లేకుండా చేస్తారా మాస్టారూ, మీరే ఆలోచించండి అన్నాడు. శవపేటిక చేసిన వడ్రంగి అడక్కుండానే వీధి దాటి అవతలికి వెళ్ళిపోయాడు. నేను చదువు చెప్పినవాళ్ళే అందరూ. జ్ఞాపకశక్తి గురించి నేను ఇచ్చిన మార్కులన్నీ తప్పని తేలింది.

వస్తానన్నది ఒక్క యులాలియమ్మ. సెల్విన్‌కి స్నానం చేయించి బట్టలు తొడిగింది ఆమే. ఎనభై ఏళ్ళు. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. కార్డు వెతుక్కోవడానికి గంట పట్టింది, అంతే.

రెండోవాడు తనంతట తానే మా గుమ్మంలోకి వచ్చాడు. చాగో, లారీలు అద్దెకిచ్చేవాడు. ఆ పన్నెండేళ్ళ కిందటి ఎంపికలో అతని మనవడు కూడా ఆడాడు. వాడికి నిజంగానే పద్నాలుగేళ్ళు. ఏజెంటు తీసుకెళ్ళినవాళ్ళ తరువాత మొదటి పేరు వాడిదే. ఇప్పుడు వాడు తాతగారి లారీలకి టైర్లు మారుస్తున్నాడు.

"నేను వస్తాను మాస్టారూ. ఆ గాడిద మొహం పేపర్లో చూడాలి నేను" అన్నాడు చాగో.

సంతకం లేని ఉత్తరం ఎవరిదో నేను అడగలేదు. నా కొడుకు చావుకి ఊళ్ళో దొరికిన రెండో సాక్షి సెల్విన్ కోసం రాలేదు, టెక్సస్ వెళ్ళలేకపోయిన మనవడి కోసం వచ్చాడు. వద్దనడానికి నాకు ఇంకొకరు లేరు. సరే, గురువారం మొదటి బస్సు అన్నాను.

ఆఫీసులో ఐరిస్ నన్ను గుర్తుపట్టింది. పండుగకి అబ్బాయి వచ్చాడట కదా అంది. ఆమె వెనక గోడ మీద పూలగుత్తి పక్కన వాడి ఫోటో అంటించి ఉంది, వీపు ఇటు తిప్పి చొక్కా మీది పేరు చూపిస్తున్నది. ఎవరి మరణం నమోదు చేయాలని అడిగితే చెప్పాను. ఆమె వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి.

"మాస్టారూ, అమ్మగారు పోయి ఇంకా ఎన్నాళ్ళో కాలేదు. కాసేపు కూర్చుంటారా? మంచినీళ్ళు తెస్తాను."

యులాలియమ్మ కార్డు కౌంటరు మీద పెట్టింది. "మంచినీళ్ళు తరువాత తెద్దువుగాని. నేను కడిగాను ఆ పిల్లాణ్ణి. నీలం చొక్కా తొడిగాను. రాసుకో" అంది.

చాగో కూడా కార్డు పెట్టాడు. చాలాసేపు మాట్లాడాలనుకున్నాడు గాని యులాలియమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది. ఐరిస్ లోపలికి వెళ్ళి పై అధికారిని అడిగి వచ్చింది. వచ్చాక నా మొహం చూడలేదు. ఒక్కొక్కటే అడిగింది, ఒక్కొక్కటే చెప్పాను. పేరు. తండ్రి పేరు. తల్లి పేరు. పుట్టిన తేదీ. పోయిన తేదీ. సమయం అడిగితే ఉదయం పది దాటి కొద్దిసేపు అన్నాను. కారణం అడిగితే చెప్పాను. పదిహేనేళ్ళు రాయలేనిది, అడిగేసరికి ఇంత తేలిగ్గా వచ్చింది. తేలిగ్గా రావడం నాకు సిగ్గనిపించింది. ఇన్నాళ్ళూ దుఃఖమనుకున్న దానిలో పిరికితనం పాలు ఎంతో అక్కడ నిలబడి లెక్కకట్టుకోవలసి వచ్చింది.

"మరి ఈ పేరుతో పాస్‌పోర్టు తీసుకుని తిరుగుతున్నతను ఎవరు?" అని అడిగింది చివరికి.

"నా శిష్యుడు" అన్నాను. "వాడి సంగతి వాణ్ణే చెప్పుకోమనండి."

కాగితం వచ్చింది. చదివాను, తప్పులు లేవు. సంతకం పెట్టాను. యులాలియమ్మ వేలిముద్ర వేసింది. చాగో పొడుగ్గా సంతకం చేసి, ఇంకా ముద్ర తడి ఆరకముందే ఫోను పట్టుకుని బయటికి నడిచాడు.

ఐరిస్ ఇంకా తెర వైపే చూస్తోంది. అమ్మగారి కాగితం కూడా దిద్దాలి అంది. నాకు అర్థం కాలేదేమోనని మళ్ళీ మెల్లగా చెప్పింది.

"ఫిబ్రవరిలో ఒక కొడుకు ఉన్నట్టు రాశాను మాస్టారూ. ఇప్పుడు ఎవరూ లేరని రాయాలి."

"రాయమ్మా" అన్నాను.