అప్పుడప్పుడు వాడేదానికి

"అప్పుడప్పుడు వాడేదానికి ఇంత పరిశోధన అవసరమా?" అన్నాడు కత్సునోరి.

మిత్సుయో అతని ఆఫీసు చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. బల్ల చివర కారు సామాన్ల కొట్లవాళ్ళిచ్చిన రంగురంగుల కాగితాలు పరిచి ఉన్నాయి. కాలరు మీద ఇస్త్రీపెట్టె తిప్పుతూనే వాటిని చదువుతోంది. కుమగాయాలో ఉన్న మూడు కొట్లకూ సైకిలు మీద వెళ్ళి తెచ్చుకుంది. పరిశోధన చెయ్యమన్నదీ అతనే. "వచ్చే నెల నాన్న పదమూడో ఏటి తద్దినానికి ఊరెళ్ళాలి. దారి చెప్పే పెట్టెల్లో కారులో బిగించేసేవి గుర్రం ఖరీదుట. మనమేమన్నా రోజూ ఊరు దాటుతామా, చవకలో ఏదో ఒకటి చూడు" అని పురమాయించి, ఆ మాట చెప్పడంతోనే తన వంతు పని అయిపోయిందన్నట్టు టీవీ ముందు కూలబడ్డాడు. చూసిపెట్టేది ఆమె, వెక్కిరించేది అతను. ఈ ఇంట్లో పనుల పంపకం ఎప్పటినుంచో ఇంతే.

చవకవాటిలోనూ తేడాలున్నాయి. ఒకదానికి మ్యాపులు మార్చాలంటే ఏటా డబ్బు కట్టాలి. ఇంకొకదాని తెర ఎండలో కనబడదు. మూడోది అరచేతి కంటే కాస్త పెద్దది, అద్దం ముందు జిగురు పట్టీతో నిలబడుతుంది, తీసి సంచిలో వేసుకోవచ్చు. ఏ ఇంటికి వెళ్ళాలో ఆ ఇంటి ఫోను నంబరు నొక్కితే చాలు, దారి చెబుతుంది. మూడేళ్ళు మ్యాపులు ఉచితం. ఖరీదు పదిహేను వేల యెన్. ఆమె చేతిలో ఉన్నది మడత ఫోను, అది ఫోను మాట్లాడటానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఈ మూడోదాన్ని ఆమె మనసులో ఎప్పుడో ఎంచేసుకుంది. ఎందుకు ఎంచుకుందో మాత్రం మొగుడికి సగమే చెప్పింది.

రెండో సగం రురికో. పెళ్ళికి ముందు మిత్సుయో, రురికో ఒకే సెలూనులో జుట్టు కత్తిరించేవాళ్ళు. పెళ్ళయ్యాక "మా ఇంటి కోడలు పరాయివాళ్ళ తలలు కడగడమేమిటి" అని అత్తగారు ముఖం చిట్లించింది. కత్సునోరి నోరు మెదపలేదు. మిత్సుయో కత్తెర మానేసింది. ఇప్పుడు కూతురు ఉద్యోగానికి నగోయా వెళ్ళిపోయాక రురికో ఫోను చేసింది. మంచం దిగలేని ముసలివాళ్ళ ఇళ్ళకే వెళ్ళి జుట్టు కత్తిరించే పని మొదలుపెట్టిందట. "హోంజో వైపు ఇళ్ళకి మనిషి కావాలే. మంగళవారాలు నువ్వు రా. కారుంటే చాలు" అంది. కారుకేం, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇంటి ముందు ఎండకు ఎండుతూనే ఉంటుంది, అతను ఆఫీసుకి రైల్లో పోతాడు కనక. ఆమెకు లైసెన్సు కూడా ఉంది. పెళ్ళికి ముందు తీసుకున్నది. ఒక్క ప్రమాదమూ చెయ్యలేదని ప్రభుత్వం మెచ్చుకుని బంగారు గీత కూడా వేసింది దాని మీద. స్టీరింగు ముట్టుకోనివ్వకపోతే ప్రమాదాలెలా జరుగుతాయి!

కొట్లో కుర్రాడు నమస్కారం పెట్టింది కత్సునోరికే. పరికరం పెట్టింది అతని చేతుల్లోనే. "ఎంత తరచుగా వాడతారండీ?"

"అబ్బే, అప్పుడప్పుడే."

"మంగళవారాలు నేను వాడతాను" అంది మిత్సుయో.

కుర్రాడు ఆమె వైపొకసారి, అతని వైపొకసారి చూసి నవ్వాడు. "అయితే మేడంగారికి సులువుగా ఉండేది చూపిస్తానండీ."

"చూద్దాంలే" అన్నాడు కత్సునోరి. ఎవరికి చెప్పాడో తెలియదు. కొట్టుకి వస్తూ దారిలో రురికో పని సంగతి ఆమె చెప్పినప్పుడూ ఇదే మాట అన్నాడు. డబ్బు మాత్రం మిత్సుయో ఇచ్చింది, అన్నం డబ్బాలు సర్దే ఫ్యాక్టరీలో తను సంపాదించుకున్నది. వారానికి నాలుగు రోజులు తెల్లారకముందే లేచి నెత్తికి టోపీ, మూతికి గుడ్డ కట్టుకుని నిలువుకాళ్ళ మీద చేసే ఆ పనిని కూడా అతను "అప్పుడప్పుడు వెళ్తుందిలే" అంటాడు. ఆమె తలనొప్పి అప్పుడప్పుడు వచ్చేది. అతని వాళ్ళమ్మకి మోకాళ్ళు పట్టేసినప్పుడు వెళ్ళి వారమేసి రోజులు చాకిరీ చేసి వచ్చింది, అదీ అప్పుడప్పుడే. అతను మాత్రం ఏడాదికి రెండుసార్లు స్నానాల తొట్టి తోమి, "ఇంటిపని నేనూ చేస్తానండోయ్" అని ఆఫీసులో చెప్పుకుంటాడు. ఆ మాట అతని ఆఫీసరు భార్య నోట విన్నప్పుడు మిత్సుయోకి ఒళ్ళు మండిపోయింది. నవ్వి ఊరుకుంది. ఊరుకోవడం కూడా ఒక పనే, దానికీ ఎవరూ జీతమివ్వరు.

తద్దినానికి ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. నుమాతా దాటాక కొండల్లో ఉంటుంది కత్సునోరి వాళ్ళ ఊరు. ఇరవై నాలుగేళ్ళుగా ఈ దారిలో పక్క సీటు మిత్సుయోది. పక్క సీటంటే ఊరికే కూర్చునే సీటని ఎవరైనా అనుకుంటే వాళ్ళెప్పుడూ కత్సునోరి పక్కన కూర్చోలేదన్నమాట. ఒళ్ళో మ్యాపుల పుస్తకం. కాఫీ డబ్బా మూత తీసి చేతికందించాలి. తడి తువాలు ఇవ్వాలి. టోలుగేటుకి చిల్లర సిద్ధం చెయ్యాలి. వెనక పిల్ల కక్కుకుంటే చూసుకోవాలి. కళ్ళు తిరుగుతున్నా చిన్న అక్షరాలు చదవాలి. నిద్ర మాత్రం పోకూడదు, నడిపేవాణ్ణి అవమానించినట్టు. ఇంత చేస్తే ఆమెకు దక్కిన పేరు, మ్యాపు చదవడం రాని మనిషి. పెళ్ళయిన ఏడాది వేడినీళ్ళ బుగ్గలున్న ఊరికి వెళ్తూ ఎడమకి తిప్పండి అని ఆమె రెండుసార్లు చెప్పింది. అతను తిప్పలేదు. వెళ్ళి వెళ్ళి ఓ ఆనకట్ట మీద తేలారు. ఆ సాయంత్రమే అతను ఆ కథ తిప్పి చెప్పాడు. "మా ఆవిడ మ్యాపు చదివితే ఆనకట్టకి పోయాం!" అప్పటినుంచి ప్రతి కొత్త సంవత్సరానికీ ఆ కథ చెబుతూనే ఉన్నాడు, అందరూ నవ్వుతూనే ఉన్నారు, ఆమె వాళ్ళకు టీ పోస్తూనే ఉంది.

నుమాతాలో పెద్దరోడ్డు దిగగానే మిత్సుయో అంది, "ఆపిల్ పళ్ళ కాలం కదండీ, తోటల రోడ్డు నిండా బస్సులుంటాయి. ఎడమకి తిప్పి నది పక్కన పోదాం."

"నీకేం తెలుసు, తిన్నగానే పోదాం."

అప్పుడు అద్దం ముందున్న పెట్టె మాట్లాడింది. కొట్లో ఆడగొంతా మగగొంతా అని కుర్రాడు అడిగితే, "ఆడగొంతే పెట్టవయ్యా, చెవికి ఇంపుగా ఉంటుంది" అన్నాడు కత్సునోరి. ఆ ఇంపైన గొంతు చెప్పింది, మూడొందల మీటర్ల తరవాత ఎడమ వైపు తిరగండి, అని.

"అలాగేనండీ!" అన్నాడు కత్సునోరి హుషారుగా, ఎడమకి తిప్పాడు. "చూశావా? తెలివంటే ఇదీ."

మిత్సుయో అతని ముఖం వంక చూసింది. వెటకారం లేదు. నిజంగానే మురిసిపోతున్నాడు. ఒక్క నిమిషం కింద తన నోటి నుంచి వచ్చిన మాట ఆ పెట్టెలోంచి వచ్చేసరికి దానికి అండీ కూడా తగిలింది. తను చెప్పిందని గుర్తు కూడా లేదతనికి. వింటే కదా గుర్తుండేది! ఇరవై నాలుగేళ్ళు ఈ సీట్లో కూర్చుని తను మాట్లాడిందంతా ఇంజను చప్పుడులో కలిసిపోయిందన్నమాట. ఆమెకు ఏడుపు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

గుళ్ళో కార్యక్రమం అయ్యాక ఇంట్లో భోజనాలు. మగవాళ్ళు చాపల మీద వరసగా కూర్చున్నారు. మిత్సుయో, పెద్ద తోటికోడలు యాసుయే వంటింటికీ హాలుకీ మధ్య ట్రేలతో తిరుగుతున్నారు. కత్సునోరి అన్న తకేయో తమ్ముడి గ్లాసులో బీరు పోశాడు. కత్సునోరి ఒద్దొద్దంటూనే గ్లాసు ముందుకి జరిపాడు. బీరు తరవాత బియ్యపు సారా, సాకే, వచ్చింది. ముఖం ఎర్రబడ్డాక కొత్త పెట్టె సంగతెత్తాడు.

"నిజం అన్నయ్యా, దాని గొప్పతనం చెప్పలేను. తప్పుదారిలో పోయినా అలగదు. ఎదురు చెప్పదు. పక్కన గుర్రుపెట్టదు. ఇదేదో ముందే దొరికుంటే పెళ్ళి ఖర్చు తప్పేదిరా భగవంతుడా!"

గది గదంతా నవ్వింది. అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. ముల్లంగి ముక్కల గిన్నెతో మిత్సుయో గుమ్మంలో నిలబడిపోయింది.

యాసుయేకి పాపం ఆ మాట మార్చాలనిపించిందేమో, "మిత్సుయో మళ్ళీ కత్తెర పడుతోందిటగా మరిదిగారూ? మంచి పని" అంది.

"కత్తెరా లేదు, కాకరకాయా లేదు వదినా! ఏదో సరదా పడుతోంది. నా కారు తీసుకెళ్ళి ఎవడి గోడకి గుద్దుతుందో! ఇవ్వనని చెప్పేస్తాను." చెప్పేస్తాను అంటున్నాడు, ఆమె మూడడుగుల దూరంలో నిలబడి ఉండగా.

హోంజోలో ఒక ముసలావిడ ఉంది. పేరు ఇనాగాకి. జారిపడి మంచం పట్టినప్పటినుంచీ ఆమె జుట్టు ఎవరూ ముట్టుకోలేదట. దువ్వెన దిగడం లేదట. ఒకప్పుడు టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసేదాన్నమ్మా, అప్పటిలా మెడ దాకా పొట్టిగా కావాలి, అని ఫోనులో మిత్సుయోకే చెప్పింది. "మంగళవారం తప్పకుండా వస్తారుగా?" అని రెండుసార్లు అడిగింది. వస్తానని మాటిచ్చింది మిత్సుయో. ఆ మాటని ఈయన సాకే గ్లాసులో ముంచేస్తున్నాడు. ఆమె ముల్లంగి ముక్కలు బల్ల మీద పెట్టి, ఖాళీ గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళింది.

బయల్దేరే వేళకి కత్సునోరి నిలబడలేకపోతున్నాడు. తాగి స్టీరింగు పట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది, ఎక్కనిచ్చిన వాళ్ళకీ శిక్షే. డబ్బిస్తే వచ్చి నడిపిపెట్టే మనుషులు ఆ కొండల్లోకి రారు. "ఈ పూటకి ఉండిపోండి" అంది అత్తగారు, అంటే రేపు పొద్దున వంట మిత్సుయోదని. "రేపు ఆఫీసమ్మా" అని కత్సునోరి తల పట్టుకున్నాడు.

"నేను నడుపుతాను" అంది మిత్సుయో.

"నువ్వా!" కత్సునోరి పగలబడి నవ్వాడు. "అన్నయ్యా, విన్నావా?"

ఆమె అతని కోటు జేబులోంచి తాళాలు తీసింది. అతను ఆఫీసులో ఉన్న వేళల్లో డ్రైవింగు నేర్పే ఆవిణ్ణి ఇంటికే పిలిపించుకుని, ఇదే కారు మీద వేసవంతా చెయ్యి తిరిగేలా నడిపిన సంగతి అతనికి తెలియదు. రోజూ దిగే ముందు సీటు మళ్ళీ అతని పొడుగు కాళ్ళకి సరిపోయేలా వెనక్కి జరిపి పెట్టేది. దొంగలా. ఎవరి ఇంట్లో ఎవరు దొంగ? ఇవాళ అందరూ చూస్తుండగా సీటు ముందుకి లాక్కుంది. అద్దం సర్దుకుంది. అత్తగారికి వంగి నమస్కరించి బండి కదిలించింది.

మొదటి మలుపు రాకముందే పక్క సీట్లోంచి కత్సునోరి మొదలుపెట్టాడు. "బ్రేకు! బ్రేకు! కుడికి... కుడికంటుంటే! ఎందుకంత నెమ్మది? వెనకవాడు తిట్టుకుంటాడు. అయ్యో, అయ్యో, గీసుకుంటుంది!" పైనున్న పిడి పట్టుకుని వేలాడుతున్నాడు. ఆపిల్ పళ్ళమ్మే కొట్టు ముందు ఖాళీ స్థలం కనబడగానే మిత్సుయో బండి ఆపింది.

"వెనక కూర్చోండి."

"ఏంటీ?"

"వెనక సీట్లో కూర్చోండి. లేదా ఇక్కడే దిగండి. అన్నయ్యగారికి ఫోను చేస్తాను, వచ్చి తీసుకెళ్తారు."

ఆమె గొంతు పెంచలేదు. అందుకే కాబోలు, అతను పైనున్న పిడి వదిలేశాడు. దిగి, తలుపు పట్టుకుని తూలుతూ వెనక ఎక్కాడు. ఈలోగా ఆమె పెట్టె మీద ఒక ఫోను నంబరు నొక్కింది. రాత్రుళ్ళు గిన్నెలు తోముతూ చదివి చదివి నోటికొచ్చేసిన నంబరు. దారి దొరికిందని పెట్టె చెప్పింది.

పెద్దరోడ్డు మీద ఆమె ఎడమ వరసలోనే నింపాదిగా నడిపింది. లారీలు దాటుకుపోయాయి. పోనీ. వెనక గురక వినిపించింది. నడిపేవాళ్ళ ముందు నిద్రపోవడం అవమానమని ఎవరో అన్న గుర్తు. ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతోపాటు కోపమూ వచ్చింది, రెండింటినీ రానిచ్చింది. హోంజో దగ్గరపడ్డప్పుడు అతనికి మెలకువొచ్చింది.

"ఇక్కడ దిగుతున్నావేమిటి? మనం దిగాల్సింది ఇంకా ముందుకెళ్ళాక. దారి తప్పావు! నాకు తెలుసు, నీ చేతికిస్తే ఇంతేనని..."

ఎడమ వైపు దిగండి, అంది పెట్టె ఇంపుగా.

కత్సునోరి మెడ చాచి పెట్టె తెర వంక చూశాడు. "ఓహో, అదే చెబుతోందా" అని గొణిగి మళ్ళీ వెనక్కి జారబడ్డాడు. అది కుడి అంటే కుడికి, ఎడమ అంటే ఎడమకి, పొలాల మధ్య నుంచి, మూసేసిన బియ్యం కొట్టు పక్క నుంచి, ఇరుకు సందులోకి కారు పోతుంటే బుద్ధిగా కూర్చున్నాడు. సందు చివర నారింజ చెట్టున్న ఇంటి ముందు బండి ఆగింది. పేరు పలక మీద ఇనాగాకి అని ఉంది. ఇంటి ముందు కారు నిలపడానికి చోటుంది. తల కడిగే నీళ్ళ తొట్టి దింపుకోవడానికి మెట్టు కూడా ఎత్తు లేదు. మిత్సుయో అంతా చూసి పెట్టుకుంది.

"ఇది మన ఇల్లు కాదే" అన్నాడు కత్సునోరి కిటికీలోంచి చూస్తూ. "యంత్రం తప్పు చెప్పినట్టుంది."

"తప్పేం చెప్పలేదండీ. మంగళవారం నేను పనికి రావాల్సిన ఇల్లిది. దారి అది చెబుతుంది, ఎక్కడికి పోవాలో దానికి నేను చెబుతాను."